చెరపని పట్టిక: యజ్ఞనారాయణ గారి చదరంగ పరిశోధన

శ్రీ యజ్ఞనారాయణ గారు 1961 జూలై 3వ తేదీన భిలాయి ఉక్కు కర్మాగారంలోని కోక్ ఓవెన్ల విభాగంలో శిక్షణార్థిగా విధులలో చేరారు. 1996 జూలై 31వ తేదీన, కంప్యూటర్ కేంద్రంలో సీనియర్ మేనేజరు హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల నడుమ సాగిన సుదీర్ఘ సేవను ఈ వీడ్కోలు సంచికలో కొద్ది పుటలకు కుదించి రాయవలసిందిగా సంపాదకవర్గం నన్ను ఆదేశించింది. ఆయన పక్క బల్ల దగ్గర ఇరవై మూడేళ్లుగా కూర్చుంటున్నవాణ్ణి గనక ఆ బాధ్యత సహజంగానే నా మెడకు చుట్టుకుంది. ఇటువంటి వ్యాసాలలో విరమించేవారు సకలగుణసంపన్నులుగానూ, రాసేవారు వినయవిధేయులుగానూ కనిపించడం ఆనవాయితీ. మా ఇద్దరిలో ఎవరికీ ఆ వేషం నప్పదు. కాబట్టి ఆయన చేసిన ఒక పెద్ద పొరపాటు గురించి రాయబోతున్నానని ఆయనకు ముందే విన్నవించాను. "అది రాయకపోతే ఇంకేటి రాస్తావు, యుగంధర్? మిగతాదంతా హాజరుపట్టీయే గదా" అన్నారు.

బొబ్బిలి దగ్గర ఒక చిన్న ఊళ్లో పుట్టి, విజయనగరంలో గణితశాస్త్ర పట్టా పుచ్చుకుని, రేకుపెట్టెతో దుర్గ్ స్టేషనులో దిగిన ఆ యువకుడికి హిందీలో వచ్చినవి ఒకటి నుంచి వంద దాకా అంకెలు మాత్రమే. కోక్ ఓవెన్లలో ఆయన పన్నెండేళ్లు పనిచేశారు. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్‌గా మార్చే ఆ ఓవెన్లు గోడకు గోడ ఆనుకుని బారులు తీరి ఉంటాయి. వాటిని ఒకసారి వెలిగించాక ఆయుష్షు తీరేదాకా చల్లారనివ్వకూడదు. వేడి పోతే లోపలి ఇటుక పగులుతుంది, ఇటుక పగిలితే ఓవెన్ పోయినట్టే. పండగ వచ్చినా, పెళ్లి వచ్చినా, వరుసగా సెలవులు వచ్చినా ఆ వేడిని కాపాడటమే అక్కడివారి ప్రథమ ధర్మం. యజ్ఞనారాయణ గారు ఆ ధర్మాన్ని ఎంతగా ఒంటబట్టించుకున్నారంటే, సెక్టర్ ఆరు మార్కెట్టులో కూరగాయలు బేరమాడుతున్నంతసేపూ స్కూటరు ఇంజను ఆపేవారు కారు. వారి శ్రీమతి రజనీకుమారి గారు సంచీ పట్టుకుని నిలబడి, "ఇది ఓవెన్ కాదండీ, స్కూటరు" అనడం నేను స్వయంగా విన్నాను.

1973లో శాఖాంతర పరీక్షలో ఉత్తీర్ణులై ఆయన కంప్యూటర్ కేంద్రానికి బదిలీ అయ్యారు. నేను చేరినదీ ఆ సంవత్సరమే. చిల్లులు పొడిచిన కార్డుల కట్టలు మోసుకుంటూ, ఒక్క కార్డు తారుమారైతే రోజంతా వెతుక్కుంటూ మేము వృత్తి నేర్చుకున్న కాలం అది. జీతాల లెక్కలూ, గోదాముల లెక్కలూ మా బోటివాళ్లకు అప్పగించి, వివిధ గనుల బొగ్గును ఏ పాళ్లలో కలిపితే మంచి కోక్ వస్తుందో గణించే పనిని ఆయన కోరి తీసుకున్నారు. ఆ విషయంపై ఆయన రూపొందించిన నివేదికలు ఇతర నగరాల ఇంజనీర్లు సైతం తెప్పించుకుని చదివినవి. అయితే, ఆ రోజుల్లో నివేదికల మీద వ్యక్తుల పేర్లు వేసే ఆచారం లేదు. అట్టమీద 'కంప్యూటర్ కేంద్రం' అని మాత్రమే ఉండేది. ఆ ఆచారం అందరికీ ఒకటే గనుక ఎవరిమీదా నింద మోపడానికి లేదు, ఆయన మోపలేదు కూడా.

కానీ మనిషి మనసు ఆచారాలకు లోబడి ఉండదు. ఒక ఆదివారం రిసాలిలోని వారి క్వార్టరులో ఉప్మా తింటుండగా రజనీకుమారి గారు నాతో, "మీ అన్నగారికి ఒకటే కోరికండీ. చేసిన పనికింద తన పేరు అచ్చులో చూసుకోవాలని. పెళ్లిశుభలేఖ తరవాత ఇంకెక్కడా పడలేదట" అన్నారు. ఆయన సిగ్గుపడి, "ఇందులో కందిపొడి ఎక్కువైంది, నీళ్లియ్యి" అని మాట మార్చారు. ఉప్మాలో కందిపొడి లేదు. నాకు ఆ కోరిక లోతు ఆనాడే అర్థమైంది.

ఇక చదరంగం. మధ్యాహ్న భోజన విరామంలో ఆయన నన్ను ఓడించడం మా కేంద్రంలో గడియారం గంట కొట్టినంత నియమంగా జరిగే పని. ఓడించడంతో తృప్తిపడక, నేను ఎందుకు ఓడిపోయానో వివరించేవారు. ఆ వివరణే నాకు ఎక్కువ బాధాకరం. 1988లో మా కేంద్రానికి వ్యక్తిగత కంప్యూటర్లు వచ్చాక, అధికారుల అనుమతితో, విధులు ముగిసిన తరవాత రోజూ గంటసేపు కూర్చుని, చదరంగం ఆడే ప్రోగ్రాం ఒకటి రాయనారంభించారు. రెండేళ్లలో అది నన్ను ఓడించింది. ఆరేళ్లకు ఆయన్నే ఓడించింది. ఆనాడు ఆయన మిఠాయి పంచారు.

ఆ ప్రోగ్రాం ఆలోచించే తీరును చదరంగం తెలియని కుటుంబసభ్యుల కోసం నాకు తెలిసినంతలో చెబుతాను. నేను ఈ ఎత్తు వేస్తే ఎదుటివాడు ఆ ఎత్తు వేస్తాడు, అప్పుడు నేను మరొకటి వేస్తాను అంటూ యంత్రం లక్షలాది స్థితులను పరిశీలిస్తుంది. ముందు గుర్రం కదిపి తరవాత బంటు జరిపినా, ముందు బంటు జరిపి తరవాత గుర్రం కదిపినా చాలాసార్లు బల్ల మీద తేలేది ఒకే స్థితి. దాన్ని మళ్లీ మొదటినుంచి లెక్కించడం వృథా. అందుకని ఒకసారి లెక్కించిన స్థితి ఫలితాన్ని యంత్రం మెమరీలో ఒక పట్టికగా దాచుకుంటుంది. మెమరీ ఎంత ఉంటే పట్టిక అంత పెద్దది. పట్టిక నిండితే కొత్త ఫలితం కోసం పాతదాన్ని తీసెయ్యాలి. మరి మెమరీ రెట్టింపు చేస్తే ఆలోచన ఎంత త్వరగా ముగుస్తుంది? పైకి పిల్లల ప్రశ్నలా కనిపించే ఈ ప్రశ్నే ఆయన జీవితంలో అతి పెద్ద పరీక్ష అయింది.

1994 వర్షాకాలంలో, కర్మాగారంలోని పలు విభాగాలు తమ కంప్యూటర్లకు మెమరీ పెంచమని కోరసాగాయి. పెంచితే నిజంగా ఎంత లాభమో కొలిచి చెప్పమని మా విభాగాధిపతి మనోజ్‌కుమార్ గారు ఆదేశించారు. ఎంత మెమరీ ఇస్తే అంతా వాడుకునే ప్రోగ్రాం మా దగ్గర చదరంగానిదే ఉంది గనుక, కొలబద్దగా దాన్నే తీసుకున్నారు. ఆయనకు సహాయంగా మీనాక్షి అనే ఇంజనీరు నియమితురాలైంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబంలో, ఇక్కడే సెక్టర్ రెండులో పుట్టి పెరిగిన అమ్మాయి. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. తెలుగు కన్నా హిందీ ధారాళం.

ఎంచిన ఆట స్థితులను ఒక్కొక్కటిగా యంత్రానికి ఇచ్చి, మొదట చిన్న పట్టికతో, ఆ పైన దాని రెట్టింపుతో, మళ్లీ రెట్టింపుతో ఆలోచింపజేసి కాలం కొలిచారు. ఫలితం చూసి మేమందరం నివ్వెరపోయాం. మెమరీ రెట్టింపైన ప్రతిసారీ ఆలోచించే కాలం ఇంచుమించు సగానికి పడిపోతోంది. మనోజ్‌కుమార్ గారు పై అధికారులకు ఆ సంగతి సగర్వంగా నివేదించారు. యజ్ఞనారాయణ గారు దాన్ని ఆంగ్లంలో వ్యాసంగా రాసి, డిసెంబరులో కలకత్తాలో జరగబోయే జాతీయ సదస్సుకు పంపగా, అది ఆమోదం పొందింది. ప్రథమ రచయిత యజ్ఞనారాయణ, ద్వితీయ రచయిత మీనాక్షి. సదస్సు సంపుటం అచ్చవుతుందనీ, తుది ప్రతి నవంబరు నెలాఖరులోగా పంపాలనీ లేఖ వచ్చింది. ఆ లేఖ పట్టుకుని ఆయన ఆ రోజు ఇంటికి నడిచే వెళ్లిపోయారు. స్కూటరు సంగతే మరిచిపోయారు. రజనీకుమారి గారు పవర్‌హౌస్ బజారులో దర్జీకి కొలతలిప్పించి బూడిదరంగు కోటు కుట్టించారు. పెళ్లిలో కూడా కోటు వేసుకోని మనిషి ఆ కోటుతో ఎలా ఉంటారో చూడాలని కేంద్రమంతా ఉవ్విళ్లూరింది.

నవంబరు మొదటి వారంలో, మరికొన్ని స్థితులు చేర్చి ప్రయోగాన్ని పొడిగిస్తుండగా కరెంటు పోయింది. అప్పటికి ఆఖరిది, అన్నిటికన్నా పెద్ద పట్టికతో చేయవలసిన కొలత ఒక్కటే మిగిలింది. కరెంటు వచ్చాక మీనాక్షి యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టి నేరుగా ఆ కొలతే తీసింది. చిటికెలో ముగియవలసిన ఆలోచన, చిన్న పట్టికతో పట్టినంత సేపూ పట్టింది. మెమరీ చిప్పు దెబ్బతిన్నదని నేను తీర్మానించాను. చిప్పు మార్పించాం. అదే ఫలితం. మరమ్మతు చేసేవాళ్ల మీద నాలుగు కేకలు కూడా వేశాను, అవి వృథా పోయాయి.

రెండు రోజుల తరవాత ఉదయం, మేము ఇంకా టీ ముగించకముందే మీనాక్షి ఆయన బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సర్, చిప్పులో గడ్‌బడ్ లేదు. మన కొలతలోనే ఉందేమో" అంది.

"ఏటమ్మా, సరిగ్గా చెప్పు."

"చిన్న టేబుల్‌తో లెక్క అయ్యాక మనం మెషీన్ బంద్ చెయ్యం కదా సర్. టేబుల్ పెద్దది చేసినప్పుడు పాత జవాబులన్నీ అందులోకి వచ్చేస్తున్నాయి. మళ్లీ అవే పొజిషన్లు ఇస్తున్నాం. సగం జవాబులు పహలే సే, ముందునుంచే, అక్కడే ఉంటున్నాయి. అది ఆలోచించడం లేదు సర్, చూసి చెప్తోంది."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. పాత ఫలితాలను పారెయ్యకుండా పెద్ద పట్టికలోకి మోసుకుపోయే ఆ ఏర్పాటు ఆయన ముచ్చటపడి రాసినది. ఆట ఆడేటప్పుడు అది గొప్ప సుగుణం. కొలిచేటప్పుడు ఘోరమైన దోషం. ప్రతి కొలతకూ ముందు యంత్రాన్ని ఆపి, పట్టికను ఖాళీ చేసి మొదలుపెట్టాలని ఏ కళాశాల విద్యార్థికైనా తోచేది. ఈయనకు తోచలేదు. నడుస్తున్నదాన్ని ఆపడమన్న మాటే కోక్ ఓవెన్ల దగ్గర గడిపిన ఆ పన్నెండేళ్లు ఆయన ఒంట్లోంచి తీసేశాయి. ఆయన పక్కన పెరిగిన నాకూ తోచలేదు. ఉక్కు కర్మాగారంలో తప్ప మరెక్కడా ఈ తప్పు జరగదని నా నమ్మకం.

"ఇన్నాళ్లూ వేడి ఓవెన్లో పొయ్యి ముట్టించి, ఎంత బేగి అంటుకుందో చూడండి అనీసుకుంటున్నాం" అన్నారు చివరికి. తరవాత లేచి వెళ్లి తన చేతులతో యంత్రం ఆపారు. మళ్లీ వెలిగించి, ఒక స్థితి కొలిచి, మళ్లీ ఆపారు. అలా ఆ వారమంతా చేశారు. మీట నొక్కినప్పుడల్లా ఆయన ముఖం చిట్లించుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

సరైన ఫలితం ఏమిటంటే, నడి ఆటలో మెమరీ రెట్టింపు చేస్తే కలిసివచ్చేది నూటికి ఆరో ఏడో పాళ్ల కాలం. ఒక మేర దాటాక అదీ లేదు. పట్టిక నిండినప్పుడు ఎక్కువ శ్రమతో సాధించిన ఫలితాన్ని నిలిపి, తేలికగా వచ్చినదాన్ని వదిలేస్తే చిన్న పట్టికే చాలావరకు నెట్టుకొస్తుంది. రాజులూ బంట్లూ మాత్రమే మిగిలిన ఆఖరి ఘట్టంలో మాత్రం ఒకే స్థితి ఎన్నో దారుల్లో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది గనుక, అక్కడ పెద్ద పట్టిక లాభం నిజంగానే పెద్దది. అంటే మెమరీ ఎంత కావాలన్నది పని స్వభావం చెప్పాలి, మన ఉత్సాహం కాదు.

ఇప్పుడు ఏం చెయ్యాలి? మనోజ్‌కుమార్ గారు సహృదయంతోనే ఒక సలహా ఇచ్చారు. వ్యాసం ఆమోదం పొందింది, ఆ ప్రోగ్రాం మరెవరి దగ్గరా లేదు, తప్పని చూపగలవారు లేరు, అంతగా అయితే 'ప్రాథమిక ఫలితాలు' అని ఒక మాట చేర్చి చదివి రమ్మన్నారు. యజ్ఞనారాయణ గారు నమస్కరించి, తప్పని తనకు తెలుసు గనుక తప్పని చూపగలవారు ఒకరు ఉన్నారని మనవి చేశారు. పై అధికారులకు వెళ్లిన నివేదికను తానే స్వయంగా వెళ్లి సరిదిద్దుతానన్నారు, వెళ్లారు, సరిదిద్దారు. ఆ ఏడు వారి పదోన్నతి ఇంటర్వ్యూ కూడా ఉంది. పదోన్నతి రాలేదు. ఈ రెండిటికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు, ఆయన ఏనాడూ ఉందనలేదు.

వ్యాసం పూర్తిగా తిరగరాయబడింది. ఏం కొలిచారు, ఎలా పొరబడ్డారు, ఎలా దిద్దుకున్నారు అన్నదే ఇప్పుడు దాని విషయం. మునుపటికన్నా ఎన్నో రెట్లు ఉపయోగకరమైన వ్యాసం. కానీ తుది ప్రతి పంపే రోజున ఆయన శీర్షిక కింద తన పేరు కొట్టేసి, మీనాక్షి పేరు ఒక్కటే ఉంచారు. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అలా చెయ్యకండి సర్. పాపం తగులుతుంది నాకు."

"తప్పు నాది, పట్టుకున్నది నువ్వు. ఇందులో నా పేరుకి చోటేదమ్మా?"

నాకు ఒళ్లు మండింది. ఆరేళ్లు కూర్చుని రాసిన ప్రోగ్రాం మీది కాదా అని గట్టిగానే అడిగాను. ఆయన శాంతంగా, "పేపరు ప్రోగ్రాం గురించి కాదు గదా యుగంధర్, కొలత గురించి. నా కొలత పోయింది. ఆ పిల్ల కొలత నిలబడింది. ఉద్యోగం ఖాయం కావలసిన పిల్ల, పక్కన నా పేరుంటే అంతా పెద్దాయన చేసేడనీసుకుంటారు" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉన్నా నా కోపం తగ్గలేదు. ఈనాటికీ తగ్గలేదు.

రజనీకుమారి గారు ఆ పూట ఆయనతో మాట్లాడలేదట. మర్నాడు కోటు ఇస్త్రీ చేయించి తెచ్చి, "పేరు ఎలాగూ లేదు, కోటైనా వేసుకెళ్లండి" అన్నారట. ఆయన వేసుకెళ్లారు. కలకత్తాలో మీనాక్షి వ్యాసం చదువుతుంటే వెనక వరుసలో కూర్చున్నారు. ఈ తప్పు మీకెలా దొరికిందని సభలో ఎవరో అడిగితే, ఆ అమ్మాయి, "మా సర్ నా మాట విన్నారు, అందుకు దొరికింది" అని చెప్పిందట. అది అచ్చుకాని మాట. సంపుటంలో లేదు.

అటుపిమ్మట మా కేంద్రం మెమరీని అడిగిన ప్రతి విభాగానికీ కాక, పని స్వభావాన్ని బట్టి అవసరమైనవారికే సిఫారసు చేసింది. మీనాక్షి ఉద్యోగం ఖాయమైంది. నేడు మా కేంద్రంలో ఏ కొలతనైనా ఆమె చూశాకే బయటికి పంపుతాం. యజ్ఞనారాయణ గారు తమ చివరి రెండేళ్లూ కొత్తగా చేరినవారికి పాఠాలు చెప్పారు. మొదటి పాఠం ఎప్పుడూ తన పొరపాటుతోనే మొదలయ్యేది. నవ్వుతూనే చెప్పేవారు. తన తప్పును అంత నిర్మలంగా నలుగురిలో చెప్పగలిగిన మనిషిని నేను మా వృత్తిలో ఇంకెక్కడా చూడలేదు. రేపటినుంచి పక్క బల్ల ఖాళీగా ఉంటుందన్న ఊహే నాకు కష్టంగా ఉందని ఇక్కడ దాపరికం లేకుండా రాస్తున్నాను.

విరమణానంతరం ఆ దంపతులు భిలాయిలోనే, కోహ్కాలో కట్టుకున్న ఇంట్లో స్థిరపడుతున్నారు. ఈ సంచికలోని వ్యాసాలన్నిటినీ అచ్చుకు ముందు సన్మానితులకు చూపించడం మా సంపాదకవర్గం పద్ధతి. ఆయన ఈ వ్యాసాన్ని చూశారు, పొరపాటు భాగంలో రెండు సాంకేతిక వివరాలు సరిదిద్దారు, పొగడ్త ఉన్నచోటల్లా పెన్సిలు గీతలు పెట్టారు. ఆ గీతలను నేను పట్టించుకోలేదు. ఆయన తిరిగి ఇచ్చాక, సంపాదకుల అనుమతితో ఈ కింది వాక్యం చేర్చాను. దీన్ని ఆయనకు చూపించలేదు, చూపిస్తే కొట్టేస్తారు.

భిలాయి కంప్యూటర్ కేంద్రంలో 1988 నుంచి 1994 వరకు రూపొందిన చదరంగ ప్రోగ్రాం. రచన: దూసి యజ్ఞనారాయణ.

రజనీకుమారి గారూ, అచ్చులో పడింది, చూసుకోండి. ఇందుకు ఆయన నాతో తప్పకుండా పోట్లాడతారు. ఆ పోట్లాట కోహ్కా ఇంటి వసారాలో, నడుమ చదరంగం బల్లతో, ఏళ్ల తరబడి సాగాలనీ, అందుకు చాలినంత ఆరోగ్యమూ, ఆయుష్షూ, మనశ్శాంతీ ఆ పుణ్యదంపతులకు సమృద్ధిగా లభించాలనీ కేంద్రం సిబ్బంది అందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను.

యుగంధర్
కంప్యూటర్ కేంద్రం, భిలాయి